సద్ది ఎవరికో నాకు తెలుసు

ఎనిమిదేళ్ళుగా ఒక్క మాట మోస్తున్నాను. "నాకు తెల్వదు" అన్న మాట. ఒక అధికారి అడిగితే చెప్పాను. నోరు జారింది అని చాలాకాలం నన్ను నేను మభ్యపెట్టుకున్నాను. జారలేదు. ముందురోజే ఆ మాటను నోట్లో వేసుకుని, నానబెట్టి, మర్నాడు ఆయన ముందు తీసి పెట్టాను.

నాకు రాయడం రాదు. సంతకం మాత్రం వచ్చు, పొదుపు సంఘంలో నేర్పారు. ఈ కాగితాలు రాస్తున్నది మా క్వార్టర్ల వరసలో ఉండే టీచరమ్మ. నా కూతురు పొద్దుటి షిఫ్టుకి గేటు దాటగానే వచ్చి చాప మీద కూర్చుంది. "నువ్వు మాట్లాడితే కట్టెలు కొట్టినట్టు ఉంటుంది, చదువుకునేలా కొంచెం సర్ది రాస్తాను" అంది. మాట సర్దుకో తల్లీ, సంగతి సర్దకు అన్నాను. మధ్యలో రెండుసార్లు కలం ఆపి నా మొహం చూసింది. రాయి అన్నాను.

చదివే మీరెవరో నాకు తెలియదు. మీ మొహం కనపడదు కాబట్టే చెప్పగలుగుతున్నాను. నా పేరు చెప్పను. పెద్దవాళ్ళ పేర్లూ చెప్పను. ఒక్క ముత్తయ్య పేరు మాత్రం చెబుతాను. పాడుచేసిన పేరు అదే గనక, అదొక్కటైనా నా నోటితో పలకాలి.

ముందు మా ఆయన సంగతి చెప్పాలి. అక్కడి నుంచే అంతా మొదలయింది.

మా ఆయన ఇరవై ఎనిమిదేళ్ళు బొగ్గుబావిలో దిగాడు. తన పేరుతో కాదు. ఆ రోజుల్లో ఉద్యోగానికి పిలుపు కాగితం వచ్చినవాడు బావిని చూసి భయపడితే, ఆ కాగితం పట్టుకుని ఇంట్లో ఇంకొకడు పోయేవాడు. మా ఆయన పెదనాన్న కొడుక్కి కాగితం వచ్చింది. అతను పోనన్నాడు. ఈయన పోయాడు. అప్పటి నుంచి బావిలో ఒక పేరు, ఇంట్లో ఒక పేరు. ఒక్క మా ఆయనే కాదు, ఇలాంటివాళ్ళు ప్రతి కాలనీలో ఉండేవాళ్ళు. ఎవరూ దాన్ని తప్పు అనుకోలేదు. డ్యూటీ చేస్తున్నాడా లేదా, అదే చూసేవాళ్ళు.

సర్వీసులో ఉండగానే ఊపిరితిత్తులు పాడై చచ్చిపోయాడు. సర్వీసులో పోతే ఇంట్లో ఒకరికి ఉద్యోగం ఇస్తారు. అప్పటికి ఆడపిల్లలకు కూడా ఇస్తున్నారు. మాకు ఒక్కతే కూతురు, డిగ్రీ చదువుతోంది. కాగితాలు పెట్టాం. బావి రికార్డులో పేరు ఒకటి, ఆధార్‌లో ఇంకొకటి. చచ్చినవాడు నీ మొగుడని రుజువేంటి అని అడిగారు. రెండేళ్ళు తిరిగాం. కాలనీలో క్వార్టర్ ఖాళీ చేయమన్నారు. నేను పిల్లను తీసుకుని ములకలపల్లి వైపు మా అమ్మ పుట్టిన ఊరికి వచ్చేశాను. అడవి అంచున సర్కారు బంగ్లా ఒకటి ఉంది. ఆఫీసర్లు, లీడర్లు వచ్చినప్పుడు దిగుతారు. అందులో వంటకు కుదిరాను.

ముత్తయ్య ఆ బంగ్లాకు వాచ్‌మెన్. కోయవాడు. నాకంటే పదేళ్ళు చిన్న. అక్కా అని పిలిచేవాడు. సన్నగా, పొడుగ్గా ఉండేవాడు, నవ్వితే ముందు పళ్ళ మధ్య సందు కనిపించేది. వంటింటి మెట్టు మీద కూర్చుని చింతపండు పిక్కలు తీసిపెట్టేవాడు, నేను అడగకుండానే.

వాగు అవతల పాత గూడెం ఒకటి ఉండేది. రోడ్డు పక్కకు రమ్మంటే అందరూ వచ్చేశారు, ఒక్క ముసలామె తప్ప. ముత్తయ్య వాళ్ళమ్మకు అక్క. పెద్దమ్మ. రెండు కళ్ళూ లేవు. ఆమె మొగుడు పోయినప్పుడు గుర్తుగా పాతిన రాయి అక్కడే ఉందట. ఆ రాయిని వదిలి రానంది. ముత్తయ్యే రోజు విడిచి రోజు అన్నం మోసుకుపోయేవాడు. బంగ్లాలో మిగిలిన అన్నం నేనే కట్టి ఇచ్చేదాన్ని. టేకాకులో అన్నం, మీద పచ్చడి, ఉంటే కూర, పాత తువ్వాలుతో ముడి. సద్ది.

ఒకరోజు వేళాకోళానికి అన్నాను. "ఏందయ్యా, నీ పెండ్లానికి ఎప్పుడన్న గిట్ల సద్ది మోసినవా?"

"నా పెండ్లానికి కండ్లున్నయక్కా. నా మొఖం చూసుకుంట తినాలంటే బువ్వ దిగదంట. పెద్దమ్మకు కండ్లు లేవు, గందుకే నేనంటే ప్రేమ."

ఒకసారి అతని వెంట నేనూ వెళ్ళాను. ఆ ముసలామె నా చెయ్యి పట్టుకుని, అరచెయ్యి తడిమి, వాసన చూసి, వాళ్ళ మాటలో ఏదో అంది. ముత్తయ్య నవ్వు ఆపుకోలేకపోయాడు. "నీ చెయ్యి ఉప్పు ఎక్కువేస్తదంటున్నదక్కా." ఆ రోజు నుంచి ఆ సద్దిలో ఉప్పు తగ్గించి వేసేదాన్ని.

ఇది ఎందుకు చెబుతున్నానంటే, ఆ అన్నం ఎవరికో నాకు తెలుసు. విని తెలుసుకున్నది కాదు. ఆ చెయ్యి నా చేతిని పట్టుకుంది.

మీది వేరే ఊరైతే ఇంకొక సంగతి కూడా చెప్పాలి. మా వైపు అడవిలోకి వండిన అన్నం మోసుకుపోవడం మామూలు పని కాదు. మనిషి తన పూటకు తను పట్టుకుపోతే ఎవరూ అడగరు. అంతకు మించితే, ఎవరికి అంటారు. తుపాకులు పట్టుకుని అడవిలో తిరిగే అన్నలకా? ఆ అనుమానం ఒక్కసారి పడితే మనిషి బతుకు పోయినట్టే. దారిలో ఉండే పోలీసులకు ముత్తయ్య సంగతి తెలుసు. ఊళ్ళో అడిగారు, గుడ్డి పెద్దమ్మకే అని నలుగురు చెప్పారు, వదిలేశారు. మా దగ్గర మనిషికి జామీను అంటే అదే. పక్కవాడి నోటిమాట.

ఒక చలికాలం పెద్దాయన వచ్చాడు. ఢిల్లీ దాకా మాట నడిచే మనిషి, అంతవరకే చెబుతాను. ఆయన వెంట ముగ్గురు తెల్లవాళ్ళు, ఢిల్లీ నుంచి వచ్చిన ఒక దుబాసీ. వాళ్ళు దిగినట్టు రిజిస్టర్‌లో రాయవద్దని ముత్తయ్యతో చెప్పారు. నాటుకోడి వండమన్నారు. మధ్యాహ్నం వాగు వైపు పెట్టెలు దించారు. ఒక పెట్టెలో పొడుగు తుపాకులు. ఇంకోదాంట్లో గద్దంత యంత్రం. దాన్ని పైకి వదిలారు. అడవి మీద గిరగిరా తిరిగి వచ్చింది. తర్వాత తుపాకులు కాల్చి చూపించారు. గుట్టకు తగిలి మోత వెనక్కి వచ్చింది. ముంతలో పాలు ఒలికిపోయాయి. కోళ్ళు మూడు రోజులు గుడ్డు పెట్టలేదు.

భోజనాల దగ్గర వడ్డిస్తుంటే దుబాసీ పెద్దాయనతో ఉర్దూ కలిసిన హిందీలో మాట్లాడాడు. నేను పుట్టి పెరిగింది బొగ్గుబావి కాలనీలో. పక్కింటివాళ్ళ మాట ఉర్దూ. నాకు అర్థమవుతుంది. వాళ్ళు నన్ను చూసి, వంట మనిషి, అడవి మనిషి, దీనికేం తెలుసులే అనుకున్నారు. వాళ్ళ దేశంలో మీ అల్లుడుగారికి బొగ్గు గని అయిపోయినట్టే, ఇక మా సామాను సంగతి ఢిల్లీలో మీరు చూడాలి, అన్నాడతను. పెద్దాయన కోడి ఎముక నములుతూ తల ఊపాడు. "కూర మస్తుందమ్మా" అని నాతో అన్నాడు. అంతే. నేను చూసిందీ విన్నదీ అంతే. ఆ సామాను కొన్నారో లేదో, ఆ గని వచ్చిందో లేదో నాకు తెలియదు. తెలియనిది చెప్పను. తెలియనిది చెప్పడం, తెలిసింది తెలియదనడం, రెండూ ఒకటేనని ఇప్పుడు నాకు తెలుసు.

వాళ్ళు వెళ్ళాక ముత్తయ్య వాగు దగ్గర వెతికి రెండు తూటా డొల్లలు ఏరుకొచ్చాడు. ఇత్తడివి. అడుగున మన అక్షరాలు కాని అక్షరాలు. ఒకటి నా చేతిలో పెట్టాడు. "ఫారిన్ డబ్బా అక్కా. జీలకర్ర పోసుకో." రెండోది తను ఉంచుకున్నాడు.

తర్వాత రెండు నెలలకు పేపర్లో పడింది. పెద్దాయన ఆయుధాల కంపెనీవాళ్ళను దొంగతనంగా అడవికి తెచ్చాడని, వాళ్ళ సరుకు అమ్మించి తన ఇంటివాళ్ళకు పరాయి దేశంలో గని ఇప్పించుకుంటున్నాడని. టీవీలో అరుచుకున్నారు. ఎవరో పేపరాయన బంగ్లాకు వచ్చినప్పుడు ముత్తయ్య చూసింది చూసినట్టు చెప్పాడట. వద్దని నేను చెప్పి ఉండవలసింది. చెప్పలేదు. అతనికి భయం లేదు, లేదా భయపడాలని తెలియదు. విచారణకు హైదరాబాద్ నుంచి అధికారి వస్తున్నాడన్నారు. చూసినవాళ్ళం ఇద్దరమే. ముత్తయ్య, నేను.

అధికారి రావడానికి ముందురోజు పొద్దున పెద్దాయన మనిషి వచ్చాడు. పీఏ అంటారు. నేను మామిడికాయ ముక్కలు కోస్తున్నాను. మెట్టు మీద, ముత్తయ్య కూర్చునే చోటే కూర్చుని, ఒక ముక్క తీసి ఉప్పులో అద్దుకున్నాడు. ఆ మాటలు నాకు ఒక్కటి కూడా పోలేదు. ఎన్ని మరిచిపోయానో, ఇవి పోవు.

"ఏందక్కా, మంచిగున్నవా? మీ ఆయన పేరేంది?"

చెప్పాను.

"అది ఓటరు కార్డుల పేరు. బాయిల పేరేంది మరి?"

అదీ చెప్పాను.

"ఇద్దరు మొగుళ్ళా నీకు! గట్టిదానివే."

"డ్యూటీ చేసింది ఒక్కడే సార్. దమ్మొచ్చి సచ్చింది గూడ ఒక్కడే."

నవ్వు ఆపాడు. "ఆ ఒక్కడే అని ఎవరు చెప్పాలె? నువ్వు చెప్తే నడ్వదు. పెద్దాయన చెప్తే నడుస్తది. ఒక్క ఫోన్ కొడితే ఫైలు జల్దీ అయిపోతది. బిడ్డ డిగ్రీ అయిందంట గద?"

"అవ్ సార్."

"రేపు ఆ సార్ వస్తడు. తెల్లోళ్ళు వచ్చిండ్రా అంటడు. ఎవ్వరు రాలే."

"రాలే సార్."

"ముత్తయ్య అడవిలకి అన్నం తీస్కపోతడా అంటడు. ఉన్నదే చెప్పు. అబద్ధం ఆడమంటున్ననా నిన్ను?"

"అది వాళ్ళ పెద్దమ్మకు సార్. గుడ్డి ముసల్ది."

"గది నిన్నెవరు అడిగిండ్రు? నువ్వు రోజు ఎంటబోయి చూస్తవా?"

"రోజు చూడ సార్."

"మరి? చూడనిది తెల్వదంటే పాపమేందక్కా?"

ఇంకో ముక్క నోట్లో వేసుకుని లేచాడు. "పచ్చడి పెడితే నాకో సీసా ఉంచు" అన్నాడు. జీపు వెళ్ళిపోయింది. నేను మిగిలిన కాయలన్నీ కోశాను. ఉప్పు కలిపాను. కారం కలిపాను. చేతులు తమ పని తాము చేసుకుపోయాయి.

ఆ రోజంతా ఏమనుకున్నాను? నిజం చెప్పమంటే చెబుతాను. ముత్తయ్య గురించి ఎక్కువ అనుకోలేదు. మా ఆయన గురించి అనుకున్నాను. ఇరవై ఎనిమిదేళ్ళు తనది కాని పేరుతో పిలిస్తే పలికినవాడు, చచ్చాక కూడా తన పేరు తనకు రాలేదే అని. నా కూతురు కాగితాల కట్ట చంకన పెట్టుకుని బస్సు దిగి నడిచి వచ్చే నడక గురించి అనుకున్నాను. ముత్తయ్యను రెండు రోజులు కూర్చోబెట్టి, రెండు దెబ్బలు కొట్టి, నోరు మూసుకోమని వదిలేస్తారు అనుకున్నాను. నిజంగా అలా అనుకున్నానా? లేక అలా అనుకుంటే చెప్పడం సులువని అనుకున్నానా? ఎనిమిదేళ్ళుగా అడుగుతున్నాను. ఒక్కోసారి ఒక్కో జవాబు వస్తుంది. అడవి అంచున పుట్టిన అమ్మకు కూతురిని నేను. అన్నం మోశాడన్న మాటకు ఎంత ధర ఉందో నాకు తెలియదా?

మర్నాడు అధికారి వచ్చాడు. మర్యాదస్తుడు. నన్ను కుర్చీలో కూర్చోమన్నాడు. కూర్చోలేదు. విదేశీయులు ఎవరైనా వచ్చారా అమ్మా అన్నాడు. రాలేదన్నాను. ముత్తయ్య ఎట్లాంటివాడు అన్నాడు. మంచోడే అన్నాను. అవును, ఆ మాట కూడా అన్నాను, అన్నాక కొంచెం ధైర్యం వచ్చింది. అన్నం తీసుకుని అడవిలోకి వెళ్తాడా? వెళ్తాడు. ఎన్నాళ్ళ నుంచి? చానా రోజుల నుంచి. ఎవరికమ్మా?

ఆయన కలం ఎత్తి పట్టుకుని ఎదురుచూశాడు. తొందరపెట్టలేదు. ఆయన నాకు చాలా సమయం ఇచ్చాడు, ఆ సంగతి మీకు చెప్పాలి. కిటికీలోంచి ముత్తయ్య కనిపిస్తున్నాడు, చెట్టు కింద, తన వంతు కోసం, చేతులు కట్టుకుని.

"నాకు తెల్వదు సార్" అన్నాను.

మొదటి అబద్ధం దేశానికి చెప్పాను. తెల్లవాళ్ళు రాలేదన్నది. దాని మీద నాకు అంత బాధ లేదు, ఉన్నట్టు నటించను. తుపాకులు ఎవరు అమ్మారో, గని ఎవరు కొట్టేశారో, వాటిని చూసుకోవడానికి దేశానికి ఎంతమంది ఉన్నారు. పెద్దమ్మకు ముత్తయ్య ఒక్కడే ఉన్నాడు. కానీ ఆలోచిస్తే రెండూ ఒకటే బేరం. పైన ఆయన తన అల్లుడి కోసం దేశం మాట ఇచ్చాడు. కింద నేను నా బిడ్డ కోసం పక్కమనిషికి జామీనైన మాట తీసేశాను. ఆయనను తిట్టడానికి నోరు తెరిస్తే నా మొహమే కనిపిస్తుంది.

ముత్తయ్యను ఆ సాయంత్రమే తీసుకుపోయారు. ఇల్లు సోదా చేస్తే ఆ డొల్ల దొరికింది. అడవిలో అన్నలతో సంబంధం, అన్నం మోయడం, తూటా, అన్నీ సరిపోయాయి. అటువంటివాడి మాట పట్టుకుని పెద్దమనిషిని అనుమానిస్తారా అని టీవీలో అన్నారు. విదేశీయులు ఎవరూ రాలేదని తేలిందన్నారు. తేలింది. నా నోటితో తేలింది. నాకిచ్చిన డొల్ల నా వంటింట్లో చింతపండు కుండలో ఉంది. దాన్ని పట్టుకుపోయి ఆ అధికారి బల్ల మీద పెట్టి ఉంటే? ఇదిగో సార్, ఇద్దరికీ దొరికాయి, ఇది ఆ తెల్లవాళ్ళది, అని ఉంటే? పెట్టలేదు. ఏడాదికి చింతపండంతా చిలుము పట్టింది. చింతపండు పారేశాను. డొల్లను పారేయలేకపోయాను.

ముత్తయ్య భార్య భయపడి గోదావరి అవతల పుట్టింటికి వెళ్ళిపోయింది. ఊళ్ళో అందరికీ పెద్దమ్మ సంగతి తెలుసు. అయినా ఎవరు పోతారు? అన్నం మోసినందుకు మనిషి జైల్లో ఉన్నాడు. అంతకుముందు ఆ దారిలో అన్నం అన్నమే. నేను ఆ మాట అన్న తర్వాత అన్నం నేరమయింది.

తొమ్మిదో రోజు కట్టాను. టేకాకు, అన్నం, పప్పు, ఉప్పు తక్కువ. పొద్దున్నే బయల్దేరాను. వాగు ఇంకో పిలుపు దూరం ఉందనగా, మలుపులో పోలీసులు కనిపించారు. కొత్తవాళ్ళు. దారిన పోయేవాళ్ళ సంచులు విప్పి చూస్తున్నారు. నన్ను ఇంకా చూడలేదు. వాళ్ళు అడిగితే ఏం చెప్పాలి? గుడ్డి పెద్దమ్మకు అని చెప్పాలి. మరి నాకు తెలియదని అన్నావు కదా, అంటే? ఫైలు, కూతురు, ఫోను. ఒక బండరాయి వెనక్కి తప్పుకున్నాను. చాలాసేపు కూర్చున్నాను. తిరిగి ఊళ్ళోకి మూటతో పోలేను, ఎవరైనా చూస్తారు. పారేయలేను, అన్నం అది. ముడి విప్పి నేనే తిన్నాను. మొత్తం తిన్నాను. ఇది ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. ఆమె అన్నం నేను తిన్నాను.

తునికాకు కోతకు వెళ్ళినవాళ్ళు ఆమెను చూశారు. మొగుడి రాయి దగ్గర పడి ఉందట. ఎన్నాళ్ళయిందో చెప్పలేకపోయారు.

నా కూతురికి ఆ వానాకాలంలోనే ఉద్యోగం కాగితం వచ్చింది. మా ఆయన రెండు పేర్లూ ఒకే మనిషికి చెందినవని రాసి ముద్ర వేశారు. సత్తుపల్లి వచ్చాం. బొగ్గు ఓపెన్‌కాస్టు గని ఆఫీసులో పని. మంచి పిల్ల. దాని కష్టంతోనే ఈ ఇల్లు, ఈ ఫ్యాను, నా షుగరు మందులు. పొద్దున పోయేముందు పేపరు చదివి వినిపిస్తుంది. మందు చీటీ చదువుతుంది, కరెంటు చీటీ చదువుతుంది. ఉద్యోగం ఎట్లా వచ్చిందమ్మా, రెండేళ్ళు కానిది రెండు నెలల్లో ఎట్లా అయింది, అని ఒకసారి అడిగింది. మీ నాన్న పుణ్యం అన్నాను.

నాలుగేళ్ళ తర్వాత సాక్ష్యం చాలదని ముత్తయ్యను వదిలేశారు. ఒకరోజు ఈ క్వార్టర్‌కే వచ్చాడు. గుర్తుపట్టలేదు ముందు. ముందు పళ్ళు లేవు, సందు లేదు. లోపలికి రమ్మంటే రాలేదు, గడప బయట గొంతుక్కూర్చున్నాడు. మంచినీళ్ళు ఇచ్చాను. పక్కన పెట్టుకున్నాడు.

"పెద్దమ్మకు బువ్వ అందిందా అక్కా, నేను పోయినంక?"

అందిందయ్యా, నేను పంపిన, అన్నాను. అప్పుడు కూడా. ఆలోచించకుండానే. అలవాటయిపోయింది కదా.

"నువ్వు పంపుతవనే అనుకున్నక్కా. జైల్ల ఉన్నన్ని దినాలు గదే అనుకున్న."

లేచి వెళ్ళిపోయాడు. నీళ్ళు తాగలేదు. చాలా రోజుల తర్వాత మా ఊరి మనిషి ఒకామె చెప్పింది. జైలు నుంచి అతను ముందు ఊరికే వెళ్ళాడట. పెద్దమ్మ ఎలా పోయిందో అంతా విన్నాడట. ఆ రాయి దగ్గర ఒక పూట కూర్చున్నాడట. ఆ తర్వాతే నా దగ్గరికి వచ్చాడు. అంటే నేను ఏం చెబుతానో వినడానికి వచ్చాడు. నాకు ఒక సందు ఇవ్వడానికి వచ్చాడు. ఆ గడప ముందు నేను ఒక్క నిజం చెప్పి ఉంటే, కొట్టేవాడు కాదు, తిట్టేవాడూ కాదు. నీళ్ళు తాగేవాడేమో.

పోయిన వానాకాలంలో అతనూ పోయాడు. ఛాతీ జబ్బు, జైల్లో పట్టుకున్నది. కబురు తెలిసి బస్సెక్కి వెళ్ళాను. మట్టి చేస్తున్నారు. దారిన పోతున్న ఇద్దరు బండి ఆపారు. ఎవరిదిరా అని ఒకడు. "అన్నలకు కూడు మోసిండు చూడు, గా ముత్తయ్యది" అని రెండోవాడు. అతని భార్య విన్నది. తలెత్తలేదు. కాదు నాయనా, గుడ్డి పెద్దమ్మకు మోశాడు, నేనే కట్టి ఇచ్చాను, ఆమె నా చెయ్యి పట్టుకుంది, అని చెప్పడానికి నాకు ఎంత దూరం? నాలుగడుగులు. నిలబడ్డాను. బండి వెళ్ళిపోయింది. మూడోసారి.

ఆ రోజు బస్సులో తిరిగి వస్తుంటే అడవి మీద ఒక యంత్రం తిరుగుతోంది. గద్దంత. బస్సులో పిల్లలు కిటికీలోంచి చూపించి కేరింతలు కొట్టారు. అది ఆ తెల్లవాళ్ళదో, ఇంకెవరిదో నాకు తెలియదు. పెద్దాయన ఇప్పుడు ఇంకా పెద్ద కుర్చీలో ఉన్నాడు. విచారణ కాగితాలు ఎక్కడో కట్టలో ఉంటాయి. నేను ఇది చెప్పినందుకు అవేవీ కదలవు, నాకు తెలుసు. పెద్దమ్మ లేదు. ముత్తయ్య లేడు. ఎవరి దగ్గర తప్పయిందనాలి? అనడానికి మనుషులను మిగల్చలేదు నేను.

ఇప్పుడు సైరన్ మోగింది. గనిలో మధ్యాహ్నం బ్లాస్టింగు. టీచరమ్మ కలం ఆపింది. కిటికీలు ఒకసారి వణికాయి, సర్దుకున్నాయి. గుండె తేలికయిందా అని అడిగింది. తేలిక కాలేదు. కట్టెలమోపు దించినప్పుడు చూడండి, మోసినంతసేపు మెడ తెలియదు, దించాక అప్పుడు నొప్పి మొదలవుతుంది. అలా ఉంది. అయినా దించాను. ఆ నొప్పి మోపుది కాదు, నా మెడది.

కాగితాలను టీచరమ్మ తన సెల్లులో ఫోటో తీసుకుంటుంది. అవి మీకు. చేత్తో రాసినవి ఇక్కడే ఉంటాయి. ఫోటో తీశాక వాటి అడుగున సంతకం పెడతాను, నా పేరు, ఒక్కటే పేరు. ఇది బయటపడితే నా బిడ్డ ఉద్యోగం ఉంటుందో పోతుందో అని టీచరమ్మ రెండుసార్లు అడిగింది. నాకు తెల్వదు అన్నాను. ఈసారి నిజంగానే తెలియదు.

ఇంకో గంటలో షిఫ్టు దిగుతుంది. ఆకలితో వస్తుంది. చేతులు కడుక్కుని తిన్నగా అన్నం గిన్నె మూత తీస్తుంది. ఆ మూత మీద ఈ కాగితాలు మడిచి పెడతాను. ఎగిరిపోకుండా పైన ఆ డొల్ల పెడతాను. చిలుము ఇంకా పోలేదు.

నా కూతురికి చదవడం వచ్చు.